వేరుకు తోడు

మోరీలోంచి మరువం వాసన ఇంకా పోలేదు.

నిన్న సాయంత్రం బాలకిషన్ సేటు, కొడుకు తెచ్చిన జర్మనీ ఎసెన్సు సీసా మూత తీసి, అతని కళ్ల ముందే చివరి బొట్టు దాకా మోరీలో వంచేశాడు. అప్పటినుంచి ఆ నాంపల్లి గల్లీలో పోయేవాళ్లు గుమ్మం ముందు ఆగి, గాలి పీల్చి, "సేటు ఇంట్ల ఇయ్యాల నూనె తీస్తున్నరు" అని సంతోషంగా చెప్పుకుంటూ పోతున్నారు. ఆ ఇంట్లో నూనె తీసి ఏడాది దాటిందని వాళ్లకు తెలియదు.

తెల్లవారేసరికి వసారాలో గిన్నెలు రెండు కుప్పలయ్యాయి.

కుప్పలు పెడుతున్నది సేటు భార్య సౌభాగ్య. ఇత్తడి చెంబు ఒకటి చేతిలో పట్టుకుని, ఇటు పెట్టాలా అటు పెట్టాలా అని చాలాసేపటినుంచి చూస్తోంది. కోడలు వసుమతి పక్కన కూర్చుని ఆ చెంబును మెల్లగా తీసుకుంది.

"గివన్ని ఇప్పుడే ఎందుకు అత్తమ్మా?"

"నీ పెనిమిటి గౌలిగూడల రెండు అర్రలు కిరాయికి మాట్లాడొచ్చిండు గద బిడ్డా. వేరు పోయేటోడు ఏంట్ల వండుకుంటడు?"

సౌభాగ్య గొంతులో కోపం లేదు. కోపం ఉంటే వసుమతికి అంత భయం వేసేది కాదు.

శ్యామ్‌సుందర్ దుకాణానికి తయారై బయటికి వచ్చాడు. తండ్రి అక్కడే పడక కుర్చీలో, పెరట్లో మరువం మడుల వైపు ముఖం పెట్టి కూర్చుని ఉన్నాడు. చెయ్యి చాపితే అందేంత దూరం. అయినా కొడుకు తల్లి వైపు తిరిగే మాట్లాడాడు.

"అమ్మా, నాయినను అడుగు. ఆబిడ్స్‌ల దుకాణం తెరుచుకొని ఖాళీ సీసాలు తుడుచుకుంట ఎన్ని దినాలు కూసోవాలె? చుట్టుపక్కల అందరు ఎసెన్సే కలుపుతున్నరు. కొనేటోళ్లు కొంటనే ఉన్నరు."

"నీ కొడుకుకు చెప్పు," అన్నాడు బాలకిషన్, చూపు తిప్పకుండా. "కొనేటోళ్లు నా పేరు చూసి కొంటరు. నా పేరు మీద దవాఖాన వాసన అమ్మద్దని చెప్పు."

"మరి నూనె ఏడికెల్లి తేవాలె? మడిల మరువం ఉన్నదా?"

"గా మాట నన్ను అడగద్దను. నేను కాశికి పోయొచ్చేవరకు మడిని పొయ్యి మీద పెట్టినట్టు వండినోన్ని అడగమను."

సౌభాగ్య ఎవరి మాటా ఎవరికీ అందించలేదు. అందించాల్సిన పనీ లేదు. ఆయన యాత్ర నుంచి తిరిగి వచ్చిన నాటి నుంచీ ఆ ఇంట్లో తండ్రీకొడుకుల మాటలు ఆమె మీదుగానే నడుస్తున్నాయి.

"రోగమొచ్చిన మడి అమ్మా గది," శ్యామ్‌సుందర్ ముఖం ఎర్రబడింది. "నిరుడు మొక్కలన్ని వాడి పడిపోలేదా? మట్టిని కాలిస్తే రోగం చస్తదని తెల్సినోళ్లు చెప్పిన్రు, కాల్చిన. పూలమ్ముకునే గా పూలమ్మ తెచ్చి గుచ్చిన కొమ్మలతోనే రోగమొచ్చిందని ఆమెను గేటు కాడనే ఆపిన. గిండ్ల నేను చేసిన తప్పేంది?"

అతను చెప్పింది అబద్ధమేమీ కాదు. ఎండాకాలంలో మడుల మీద ఎండుటాకు, ఊక మందంగా పరిచి నిప్పు పెట్టించాడు. మీద మరిగే నీళ్లు పోయించాడు. వానలు పడ్డాక నాటిన కొత్త కొమ్మల్లో ఒక్కటీ వాడిపోలేదు. వాడలేదు, ఎదగనూ లేదు. భాద్రపదం వచ్చినా జానెడు దాటలేదు. ఆకు పాలిపోయింది, అంచులు ఊదారంగుకు తిరిగాయి. నలిపితే వేళ్లకు గడ్డి వాసన తప్ప మరొకటి అంటడం లేదు.

శ్యామ్‌సుందర్ చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు. బాలకిషన్ లేచి లోపలికి పోయి పడుకున్నాడు. పొద్దెక్కాక పడుకునే మనిషి కాదాయన.

వసుమతి చెంబును ఏ కుప్పలోనూ పెట్టలేదు.

"అత్తమ్మా, నన్ను ఒక్కసారి కాలేజీ దాంక పోయిరానిస్తరా?"

"పెండ్లయి ఇన్నేండ్లకు కాలేజీ ఏంది?"

"చదువుకోనీకి కాదు. నాకు చెట్ల చదువు చెప్పిన శశికళ టీచరమ్మ ఇంక గాడనే ఉన్నది. మన మరువం వేర్లు చూపించొస్త."

సౌభాగ్య కోడలి ముఖంలోకి చూసింది. ఆ ఇంటి ఆడవాళ్లు పగటిపూట ఒంటరిగా గడప దాటే ఆనవాయితీ లేదు. ఎవరైనా అడిగితే జవాబు చెప్పుకోవాల్సింది ఆమే.

"పో," అంది. "నేను అంగడికి పంపిన్నని చెప్త. నువ్వు వచ్చి ఒక మాట చెప్పేదాంక గీ గిన్నెలు గిట్లనే ఉంటయి. ఎవ్వల ముట్టుకోనియ్య."

మరో ఇంట్లో అయితే ఆ పాటికి కోడలి కాలు మీదే నెపం పడి ఉండేది. ఈ కోడలు వచ్చాకే మడి ఎండిందనేవాళ్లు. ఈ అత్త నోట ఆ మాట ఒక్కనాడు రాలేదు. వసుమతి చీర చెంగు భుజం నిండా కప్పుకుని, మట్టితో సహా రెండు మొక్కలు పెకిలించుకుని బయలుదేరింది.

* * *

ఆడపిల్లల కాలేజీ కూడా నాంపల్లిలోనే. శశికళ మొక్కలు తీసుకుని, "వేర్లు ఉడకబెట్టి రంగెయ్యాలె, ఎల్లుండి రా" అని పంపేసింది. వసుమతి మళ్లీ వెళ్లేసరికి ఆమె కిటికీ దగ్గర ఖుర్ద్‌బీన్ సర్దుకుని కూర్చుంది. కంటికి ఆననివాటిని పెద్దవి చేసి చూపే ఆ యంత్రాన్ని కాలేజీలో అందరూ అలాగే పిలుస్తారు. చదువుకునే రోజుల్లో వసుమతి దాని కింద ఉల్లిపొర చూసింది.

"మొదలు ఇది చూడు. బాగే ఆమ్ తోటల గడ్డి వేరు ఇది."

వసుమతి వంగి కన్ను ఆనించింది. వేరు గదులు గదులుగా ఉంది. ఆ గదుల మధ్య నుంచి నీలం రంగు దారాలు పాకిపోతున్నాయి. కొన్ని గదుల లోపలికి జొరబడి, చిన్న చెట్టులా కొమ్మలు వేశాయి.

"బూజు పట్టింది టీచరమ్మా. రోగమా?"

"బూజు అనంగనే మనకు రోగమే యాదికొస్తది." శశికళ నవ్వింది. "ఇది బూజు జాతే. గని వేరును తినదు. వేరుతోని కాపురం చేస్తది. మొక్క దీనికి ఇంత తీపి పెడుతది. ఇది మట్టిలకు దారాలు పంపి, వేరుకు అందని కాడికెల్లి సత్తువ తెచ్చిస్తది. యూరప్‌ల పండితులు దీని మీద ఇంక కొట్లాడుకుంటనే ఉన్నరు. నాకైతే ఇది మేలు చేసేదే అనిపిస్తది."

"మట్టి తవ్వితే తెల్లగ కనవడుతదే, గదేనా?"

"గది వేరే. ఇది రంగేస్తే తప్ప కంటికి చిక్కదు. ఇగ మీ మరువం చూడు."

గాజు పలక మార్చింది. వసుమతి మళ్లీ వంగింది. గదులు ఉన్నాయి, గోడలు ఉన్నాయి. ఇటు జరిపి చూసింది, అటు జరిపి చూసింది. ఒక్క నీలం దారం లేదు.

"ఖాళీగ ఉన్నది."

"ఔ. ఇంట్ల సామానంత ఉన్నది, మనుషులే లేరు." శశికళ కుర్చీలో వెనక్కి వాలింది. "మీ ఆయన చేసింది పూర్తిగ తప్పని నేననను. వాడిపోయే రోగం మట్టికెల్లి వస్తే కాల్చుడు ఒక మందే. వేర్లల్ల రోగం జాడ గూడ లేదిప్పుడు. గని మంటకు మంచిదేదో చెడ్డదేదో తెల్వదు. రోగం పోయింది, తోడు గూడ పోయింది."

పూర్తిగా తప్పు కాదు. ఎండాకాలం నుంచి ఇప్పటిదాకా శ్యామ్‌సుందర్ తరఫున ఒక్కరూ అనని మాట అది. ఆ మాటను పోగొట్టుకోకుండా ఇంటికి తీసుకుపోవాలనుకుంది వసుమతి.

"మల్ల వస్తదా టీచరమ్మా?"

"దానంతట అది రావాలంటె ఎన్నేండ్లు పడుతదో. జల్ది కావాల్నంటే, మంచిగ పెరుగుతున్న మరువం కింది పాత మట్టి తేవాలె, వేర్లతోని సహ. సగం మడిల కలుపు. సగం ఉత్తగ ఉంచు. అప్పుడే తేడా తెలుస్తది."

"మొక్క పెరిగితే నూనె గూడ పెరుగుతదా? వాసన మల్ల వస్తదా?"

శశికళ పలకను గుడ్డతో తుడిచింది. "గది నాకు తెల్వదు వసుమతీ. నేను చదివిన పుస్తకాలల్ల లేదు. మీ ఇంట్ల తెల్సుకొని నువ్వే నాకు చెప్పాలె."

తనకు తెలియదని అంత తేటగా చెప్పిన పెద్ద చదువుల మనిషిని వసుమతి అంతకు ముందు చూడలేదు. వంగి కాళ్లకు మొక్కబోతే శశికళ మొక్కనివ్వలేదు. "పోయి మట్టి వెతుకు," అంది.

* * *

"మన మరువం మట్టి ఊర్ల ఇంకొక్క కాడనే ఉన్నది," అంది సౌభాగ్య, అంతా విన్నాక. ఆ పేరు మాత్రం చెప్పలేకపోయింది. చెప్పకుండానే వసుమతికి తెలిసింది.

బజార్‌ఘాట్ గల్లీ చివర పూలమ్మ ఇల్లు. గుమ్మం పక్కన పగిలిన కుండల్లో, అంచు విరిగిన గాబుల్లో మరువం పొంగి పొర్లుతోంది. ఆకు ముదురుపచ్చగా ఉంది. గాలి కాస్త కదిలితే చాలు, ఆ వాసన గల్లీ మొదటి వరకు వచ్చి పలకరిస్తోంది.

పూలమ్మ గడపలో కూర్చుని కనకాంబరాలు కడుతోంది. వసుమతిని చూసి లేవలేదు, కూర్చోమనీ అనలేదు. దారం ముడి బిగిస్తూనే అడిగింది.

"ఏం పని వడ్డది కోడలమ్మా గీడికి?"

వసుమతి ఏమీ దాచలేదు. మోరీలో పోసిన ఎసెన్సు, వసారాలో గిన్నెల కుప్పలు, ఖుర్ద్‌బీన్ కింద ఖాళీ వేరు, అన్నీ చెప్పింది. పూలమ్మ ఒక మూర కట్టేదాకా వింది.

"మీ మడికి రోగం తెచ్చిన మట్టి గద ఇది. గిదే మట్టి ఎట్ల అడుగుతున్నవు?"

వసుమతి కుండల వైపు చూసింది. "రోగం నీ కాడికెల్లి వస్తే ఇవి గిట్ల ఉంటయా పూలమ్మా? చూస్తేనే తెలుస్తున్నది. మేం అననైతే అన్నం."

"నువ్వు అనలే."

"ఆపలే గద."

పూలమ్మ చేతిలో దారం ఆగింది. తర్వాత ముసలామె పూలబుట్ట పక్కకు జరిపి, గడపలో చోటు చేసింది. వసుమతి కూర్చుంది.

"పాలమూరు దిక్కు కరువొస్తే ఈ పట్నం వచ్చిన," అంది పూలమ్మ. "సంకల ఆడపిల్ల. టేషను కాడ వట్టి కనకాంబరాలు కట్టుకొని కూసుంటె ఎవ్వలు ఆగకపోదురు. మీ అత్త ఒకనాడు కొబ్బరి చిప్పల ఇంత మట్టి, గా మట్టిల ఒక మరువం కొమ్మ తెచ్చిచ్చింది. పూలల్ల ఇది కలిపి కట్టు, వాసనకు ఆగుతరు అన్నది. ఆగిన్రు. గా పిల్ల పెండ్లి గూడ గీ మరువం మీదనే చేసిన. గిది మీ ఇంటి మట్టే బిడ్డా. నేను తిన్నంత తిన్న. తీస్కపో."

"ఎంత ఇస్తవు?"

"ఒక్క కుండ నాకుంచు. మిగిలినయన్ని తీస్కపో. గా ఒక్కదాంట్లకెల్లి మల్ల కొమ్మలు గుచ్చుకుంట."

వసుమతి ఒక గంపెడు మట్టి దొరికితే చాలనుకుని వచ్చింది. ఇవ్వననే మాటకు సిద్ధపడి వచ్చింది. ఈ మాటకు మాత్రం సిద్ధపడలేదు. కళ్లు తుడుచుకోవడానికి కూడా చెయ్యి రాలేదు.

"గని ఒక మాట," అంది పూలమ్మ, మళ్లీ దారం అందుకుంటూ. "నేను మోసుకరాను. నీతోని గూడ మోపియ్య. నన్ను మీ గేటు కాడ ఆపిన ఆయనను నా గడపలకు రమ్మను. ఆయనతోనే మోపిస్త."

* * *

"నేను పోను," అన్నాడు శ్యామ్‌సుందర్. మధ్యాహ్నం భోజనానికి వచ్చాడు. కంచంలో చెయ్యి అలాగే ఉంది. "పూలమ్ముకునే ముసల్దాని గడప ముందల నేను నిలబడాలె? నాయిన వింటే ఇంక నవ్వుతడు."

"మామయ్య నవ్వక ఎన్ని దినాలైంది?" వసుమతి చారు వడ్డించింది. "టీచరమ్మ ఒక మాటన్నది. మీరు చేసింది పూర్తిగ తప్పు గాదన్నది. వేర్లల్ల రోగం లేదట. కాల్చినందుకే పోయి ఉంటది."

అతను తలెత్తాడు.

"గట్లన్నదా?"

"ఔ. మంట రోగాన్ని చంపింది, తోడును గూడ చంపింది అన్నది. తెల్వక చేసిన్రు. తోడు ఏడ ఉన్నదో ఇప్పుడు తెల్సింది. తెల్సినంక గూడ తేకపోతె గది తప్పు."

శ్యామ్‌సుందర్ అన్నం సగంలో వదిలి చెయ్యి కడుక్కున్నాడు. దుకాణానికి వెళ్లేటప్పుడు గౌలిగూడ అర్రల సంగతి ఎత్తుతాడనుకుంది. అదీ ఎత్తలేదు.

మర్నాడు పొద్దున జట్కా ఒకటి గేటు ముందు ఆగింది. అందులో కూర్చోవడానికి చోటు లేదు, అన్నీ కుండలే. శ్యామ్‌సుందర్ పక్కన నడిచి వచ్చినట్టున్నాడు, పైజామా మోకాళ్ల దాకా మట్టి. ఒక్కొక్క కుండా పొత్తిళ్లలో బిడ్డను దించినట్టు దించాడు.

"పూలమ్మ ఏమన్నది?" వసుమతి మెల్లగా అడిగింది.

"ఏమనలే. ఒక్కొక్క కుండ చేతికిచ్చింది."

"మీరేమన్నరు?"

"నేను గూడ ఏమనలే." ఇంకేదో చెప్పబోయి ఆగాడు. "నోరు రాలే వసుమతీ."

ఆమె మరి అడగలేదు. నోరు రాలేదని ఒప్పుకున్న మగవాణ్ని ఆ పూటకు అంతకంటే ఏం అడగాలి? సౌభాగ్య కొంగు నడుముకు బిగించి పార తీసుకుంది. ముగ్గురూ కలిసి సగం మడుల్లో పూలమ్మ మట్టి కలిపారు, వేర్లను సన్నగా తుంచి లోపలికి కప్పారు. మిగతా సగం ఉన్నట్టే ఉంచారు.

లోపల కిటికీ రెక్క ఒకటి ఓరగా తెరుచుకుంది. కాసేపటికి మూసుకుంది. ఎవరూ అటు చూడలేదు.

* * *

పుష్యమాసం చలిలో నూనె తీసే బట్టీ వెలిగించారు.

ఆ సరికి మడుల సంగతి గల్లీలో అందరికీ తెలిసిపోయింది. గౌలిగూడ అర్రల మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు, గిన్నెల కుప్పలు మెల్లగా వంటింట్లో కలిసిపోయాయి. మట్టి కలపని సగంలో మరువం గుడ్డిలో మెల్ల అన్నట్టు కాస్త తేరుకుంది, అంతే. కలిపిన సగంలో మొక్కలు ఒకదాన్నొకటి తోసుకుంటూ మోకాలికి వచ్చాయి. వసుమతి రోజూ పొద్దున వాటి మధ్య కూర్చుని కలుపు తీసేది. చేతులకు అంటిన వాసన కడిగినా పోయేది కాదు. అన్నం కలుపుకున్నా ఆ వాసనే. ఆ రోజుల్లో ఎవరిని తలచుకున్నా ఆమెకు మేలే తలపుకొచ్చేది. టీచరమ్మ, అత్త, పూలమ్మ, ఆఖరికి మట్టి కొట్టుకుపోయిన పైజామా కూడా.

ఎదగడం ఒకటి, నూనె ఒకటి. ఏపుగా పెరిగి వట్టి నీళ్లే దిగిన పంటలు బాలకిషన్ ఎన్నో చూశాడు. ఆ మాట ఆయన అనలేదు. అనకపోయినా ఇంట్లో అందరికీ అదే భయం.

రెండు సగాల ఆకూ ఒకే తూకానికి తూచారు. మట్టి కలపని సగానిది ముందు రాగి కాగులో వేశారు. కింద మంట, పైన మూతకు మట్టి మెత్తి, వెదురు గొట్టం గుండా ఆవిరి చల్లనీళ్ల తొట్టిలోని చెంబులోకి దిగింది. చెంబు తీసి చూస్తే నీళ్ల మీద నూనె ఉందా అంటే ఉంది, సూర్యుడి వైపు పట్టి చూస్తే కనిపించేంత.

శ్యామ్‌సుందర్ కాగు కడిగి రెండో ఆకు వేశాడు.

ఆవిరి దిగడం మొదలైన కాసేపటికి వెనక నుంచి కర్ర చప్పుడు వినిపించింది. బాలకిషన్ వచ్చి బట్టీ దగ్గర పీట లాక్కుని కూర్చున్నాడు. యాత్ర నుంచి వచ్చాక ఆయన బట్టీ దగ్గరికి రావడం అదే మొదలు. సౌభాగ్య చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. వసుమతి వెనక్కి, వంటింటి తలుపు చాటుకు జరిగింది.

చెంబు తీశారు. నీటి మీద లేత పసుపు రంగు నూనె చెంబు అంచు చుట్టూ గుండ్రంగా పేరుకుని ఉంది. శ్యామ్‌సుందర్ దాన్ని తండ్రి ముందు పెట్టి పక్కకు తప్పుకున్నాడు.

బాలకిషన్ ముందు మొదటి చెంబులో వేలు ముంచి ఎడమచేతి వెనక రాసుకున్నాడు. వాసన చూసి, తల ఊపి వదిలేశాడు. రెండోది కుడిచేతి వెనక రాసుకున్నాడు. ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. తెరిచాడు. చెయ్యి కాస్త దూరం చేసి, ఒంటి వేడికి వాసన విప్పారే దాకా ఆగి, మళ్లీ దగ్గరికి తెచ్చుకున్నాడు.

ఆయన చెప్పేదేదో చెంబు గురించే చెప్తాడని అందరూ చూస్తున్నారు.

"శ్యామూ," అన్నాడు బాలకిషన్. "మంట జర తగ్గియ్యి. ఆకు మాడుతది."

శ్యామ్‌సుందర్ గబుక్కున వంగి రెండు కట్టెలు బయటికి లాగాడు. లాగినవాడు వెంటనే లేవలేదు. పొగ అంటూ భుజానికి కళ్లు ఒత్తుకున్నాడు. ఆ పూట పొగ అటు వైపు వీచడం లేదు.

"గిది మా నాయిన తీసిన నూనె," అన్నాడు బాలకిషన్ నెమ్మదిగా. "కాశికి పోకముందు గూడ నాకు గిట్ల దిగలే. ఎవ్వల మట్టి ఇది?"

సౌభాగ్య చెప్పింది. కొబ్బరి చిప్ప దగ్గర మొదలుపెట్టి జట్కా దాకా చెప్పింది.

బాలకిషన్ విని, గేటు వైపు చూశాడు. "మరి ఆమె ఏది?"

శ్యామ్‌సుందర్ చేతిలో కట్టె కింద పెట్టాడు. చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్లాడు.

తిరిగి వచ్చినప్పుడు పూలమ్మ అతని వెనక ఉంది. గేటు దగ్గర ఆగిపోయింది. అతను లోపలికి వచ్చేసి, వెనక అడుగుల చప్పుడు లేదని తిరిగి చూశాడు.

"లోపటికి రా పూలమ్మా."

"ఎవలన్న ఆపుతరేమో అని నిలవడ్డ."

అతను వెనక్కి నడిచి ఆమె ఎదుట నిలబడ్డాడు. "ఆపింది నేను. నీ కొమ్మలకు రోగం లేకుండె. అన్న మాట తప్పు. గా దినం నీ గడపల చెప్పాల్సింది, నోరు రాలే. మాఫ్ చెయ్యి."

పూలమ్మ అతని ముఖంలోకి చూసి, చెంగు సర్దుకుని లోపలికి వచ్చింది. బాలకిషన్ తన పీట ఆమెకు జరిపి తాను గట్టు మీద కూర్చున్నాడు. ఆమె చేతి వెనక తనే నూనె రాశాడు. ఆమె వాసన చూసి, కూతురు పేరేదో తనలో తనే అనుకుంది.

"నీకేం ఇయ్యాల్నో నాకు తోస్తలేదు పూలమ్మా," అన్నాడు బాలకిషన్. "నువ్వే అడుగు."

"నూనె నాకెందుకు సేటు, నెత్తికి రాసుకోనీకి ఎంట్రుకలే లేవాయె." పూలమ్మ నవ్వింది. తర్వాత నవ్వు ఆపి మడుల వైపు చెయ్యి చూపింది. "గా మడిల ఒక వరుస నాది కావాలె. ఏటేట. నేనే వచ్చి కోసుకపోవాలె. ఎవ్వల అడగకుండ."



ఆ మడి బాలకిషన్ తండ్రి వేసినది. ఆయన ఉన్నన్నాళ్లూ సొంత కొడుకు బాలకిషన్ కూడా అడగకుండా అందులో ఆకు తుంచింది లేదు. బయటివాళ్లకు కొమ్మ ఇచ్చారు, కట్ట ఇచ్చారు, ఒక్క వరుస కూడా ఇవ్వలేదు. శ్యామ్‌సుందర్ తండ్రి వైపు చూశాడు. సౌభాగ్య నేల చూపులు చూసింది. బాలకిషన్ పెదవులు కదిలాయి గాని మాట బయటికి రాలేదు.

"రెండు వరుసలు."

ఆ మాట తలుపు చాటు నుంచి వచ్చింది. పెళ్లయి వచ్చిన నాటి నుంచి మామగారి ఎదుట పెదవి విప్పని కోడలు అన్న మాట. అన్నది తనేనని వసుమతికి అందరి ముఖాలూ తన వైపు తిరిగాకే తెలిసింది.

ఇక చాటెందుకని తలుపు దాటి వెలుతురులోకి వచ్చి నిలబడింది. ఆ మాటను వెనక్కి తీసుకోవాలని ఆమెకు అనిపించలేదు.

బాలకిషన్ గట్టు మీది నుంచి మెల్లగా లేచాడు. కర్ర అందుకోలేదు. కోడలి ముఖంలోకి, పెళ్లి పీటల తర్వాత మళ్లీ ఇదే మొదటిసారి, నేరుగా చూశాడు.

"కోడలు చెప్పినట్టే పూలమ్మా, రెండు వరుసలు," అన్నాడు.